జగదాంబకు బస్సు దొరికే చోట తక్కువ అద్దె ఇల్లు

ప్రశ్న: విశాఖపట్నంలో జగదాంబ కూడలి దగ్గర ఉద్యోగంలో చేరుతున్నాను. ఎంవీపీ కాలనీ అద్దెలు నా జీతానికి అందేలా లేవు కనుక, భార్యాభర్తలకూ ఒక పాపకూ సరిపడే రెండు గదుల వాటా ఎక్కడ వెతకాలో తెలియజేయగలరు.

జవాబు: కంచరపాలెం, మర్రిపాలెం లోపలి వీధుల్లో చూడండి. యాప్‌లకు ఎక్కని ఇళ్లు అక్కడ గేటుకు వేలాడే ‘టు లెట్’ అట్టల మీదే ఉంటాయి. ఆదివారం పొద్దున్నే నడిచి వెళ్లి మూల మీది కిరాణా కొట్టులో అడిగితే, బ్రోకరుకిచ్చే సొమ్ము మిగులుతుంది.

మరొకరు: ఆషాఢంలో ఇల్లు మారేవారు తక్కువ, ఆ పట్టింపు మీకు లేకపోతే బేరానికి అదే అదను. అడ్వాన్సు ఇచ్చే ముందు వంటగది కుళాయి తిప్పి నీళ్లు నోట్లో పోసుకొని చూడండి; మేము చూడక, ఉప్పునీటి బోరున్న ఇంట్లో ఏడాదంతా టిన్ను నీళ్లు కొన్నాం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. కరెంటు సంగతి?

మరొకరు: విడి మీటరు లేకపోతే యూనిట్ ధరను ఒప్పందంలోనే రాయించుకోండి.