‘చిరిగేది అరిటాకే’ అని ఎవరికి చెప్తున్నాం?

“ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే.” ఆఫీసులో లైంగిక వేధింపుల గురించి చెప్పుకున్న అమ్మాయిని ఓదార్చడానికి ఈ సామెత వాడొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ, దయచేసి వాడకండి.

క్రియను గమనించండి. చించాలంటే ఎవరో ఒకరు ఉండాలి. చిరగడానికి ఎవరూ అక్కర్లేదు. సామెత “చించేది ముల్లే” అనలేదు. పైగా ఆకే వెళ్లి పడినా ఒకటే అంటూ, తప్పెవరిదన్న ప్రశ్నే లేకుండా చేసింది.

వేధింపుకు గురైన మనిషి మనసులో రాత్రీ పగలూ తిరిగేది సరిగ్గా ఇదే. ‘నేనేమైనా చనువిచ్చానా? ఆ రోజు నవ్వకుండా ఉండాల్సిందా? అప్పుడే గట్టిగా ఎందుకు అనలేదు?’ తనను తాను నిందించుకోవడం ఇలా మొదలవుతుంది. మెల్లగా ఒంటికీ పాకుతుంది. వేధించినవాడి మెసేజ్ వచ్చిన చప్పుడుకే గుండె దడ. లిఫ్ట్ తెరుచుకుంటే అతనొక్కడే కనబడి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి మెట్లెక్కడం. సెలవు రోజు సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం. నిద్ర చాలదు, ధ్యాస నిలవదు, పనిలో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులే చూపించి “ఈ మధ్య నీ పని బాగుండట్లేదు” అంటారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. కొందరిలో ఇది డిప్రెషన్ దాకా, పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలని మానసిక సమస్య) దాకా వెళ్తుంది. అతను బదిలీ అయి వెళ్లిపోయినా ఆ ఉలికిపాటు పోకపోవచ్చు.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన కార్మిటా వుడ్ సంగతి ఇక్కడ చెప్పాలి. పై అధికారి చేష్టలు భరించలేక, మెడ నొప్పి, వెన్ను నొప్పి పట్టుకుని ఆవిడ ఉద్యోగం మానేశారు. నిరుద్యోగ భృతికి అడిగినప్పుడు, మానేసిన కారణం ఎలా చెప్పాలో తెలియక ‘వ్యక్తిగత కారణాలు’ అన్నారు. భృతి ఇవ్వలేదు. ఆవిడకు తోడుగా నిలిచిన స్త్రీలే 1975లో ‘సెక్సువల్ హెరాస్‌మెంట్’ అన్న పేరును జనంలోకి తెచ్చారు. ఇప్పటికీ ఎన్ని రాజీనామా ఉత్తరాల్లో ఆ ‘వ్యక్తిగత కారణాలు’ ఉంటున్నాయో!

సామెత జాగ్రత్త చెబుతోందే తప్ప నిందించడం లేదు కదా అని ఇంకొకరు అన్నారు. జాగ్రత్త అనేది ముందు చెప్పేది. జరిగిపోయాక అదే మాట అంటే, వినే మనిషికి ‘నోరు మూసుకో, పోయేది నీ పరువే’ అనే వినిపిస్తుంది.

ఫిర్యాదు రాయడంలో సాయపడేవాళ్లకు ఒక మాట. “భుజం మీద చెయ్యి పడింది” అని ఆమె చెప్తే, “భుజం మీద చెయ్యి వేశాడు” అని రాయొచ్చా అని ఆమెనే అడగండి. రెండో వాక్యంలో కర్త ఉన్నాడు. తేదీ, చోటు, అక్కడ ఇంకెవరున్నారో కూడా రాయించండి. అయితే ఆమె మొదటిసారి నోరు విప్పుతున్నప్పుడు మాత్రం ఏ వాక్యాన్నీ సరిదిద్దకండి. ఎలా వస్తే అలా చెప్పనివ్వండి.