అప్‌డేట్: గీజరు ప్లగ్గు కాలడం ఆగింది

విశాఖ పెదవాల్తేరు ఇంట్లో 2000 వాట్ల గీజరుకి ప్లగ్గు ఎందుకు కాలుతోంది, ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) ఎందుకు పడట్లేదు అని అడిగాను కదండీ. కారణం దొరికింది, పనీ అయింది.

2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్‌కి కలిపే అడాప్టర్ పెట్టి నడుపుతున్నది 6 ఆంపియర్ల సాకెట్‌లో. ఎంసీబీ 16 ఆంపియర్లది, దానికి 8.7 మామూలు లోడే, అందుకే పడలేదు. సాకెట్ విప్పితే ఫేజు స్క్రూ వదులుగా ఉంది, ఇత్తడి మీద పచ్చటి చిలుము, వైరు తొడుగు అంగుళం మేర నల్లబడి పెళుసెక్కింది. సముద్రపు గాలికి మన దగ్గర చిలుము తొందరగా పడుతుంది. ఆ వదులు చోట 0.1 ఓమ్ ఉన్నా చాలు: 8.7 × 8.7 × 0.1, అంటే ఏడున్నర వాట్ల వేడి ఒక్క స్క్రూ దగ్గరే!

ఇప్పుడు డీబీ (ఇంటి ఎంసీబీలుండే పెట్టె) నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు, ఎర్తు, 16 ఆంపియర్ల సాకెట్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించాను. అరగంట నడిపి, స్విచ్ ఆపి పట్టుకుంటే ప్లగ్గు గోరువెచ్చగా కూడా లేదు.

వోల్టేజి పడితే కరెంటు ఎక్కువ లాగుతుందన్నారు కొందరు. గీజరు కాయిల్‌కి అది వర్తించదు. దాని నిరోధం సుమారు 26.5 ఓమ్‌లు, 200 వోల్టులకి 7.6 ఆంపియర్లే, 1510 వాట్లే. నీళ్లు ఆలస్యంగా కాగుతాయంతే. ఇన్వర్టర్ ఏసీ మాత్రం అదే పవరు నిలుపుకోడానికి నిజంగానే ఎక్కువ కరెంటు లాగుతుంది.

అడాప్టర్ పారేశాను. మీ దగ్గరున్నా గీజరుకి వాడకండి.