డ్రాగ్ కారుకు రేడియేటర్ ఫ్యాన్ ఉండాలా, తీసేయాలా?

డాలస్ పావుమైలు

నా కారు ఇనుప బ్లాకు ఉన్న పాత 5 లీటర్ల వీ8 మస్టాంగ్. డాలస్‌కు దక్షిణంగా ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో బ్రాకెట్ రేసులకు, అంటే ఎంత టైము పడుతుందో ముందే రాసిచ్చి నేరుగా పావుమైలు పరిగెత్తే డ్రాగ్ పోటీలకు, తీసుకెళ్తుంటాను. పావుమైలుకు 12 సెకన్లు అటూ ఇటూగా పడుతుంది. పరుగులో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా అంతకుముందు వరుసలో నిలబడినప్పుడే. ఆగస్టు ఎండలో కార్లు ఒక్కొక్కటిగా కదులుతుంటే, బర్నౌట్ (పరుగుకు ముందు టైర్లు తిప్పి వేడెక్కించడం) దాకా వచ్చేసరికి నీళ్ల ముల్లు 95 డిగ్రీలు దాటుతోంది. మొదటి రౌండుకూ మూడో రౌండుకూ టైములో తేడా కనిపిస్తోంది. బెల్టుతో తిరిగే నీళ్ల పంపు, ఫ్యాన్ రెండూ తీసి ఎలక్ట్రిక్ పంపు పెట్టాలనుకుంటున్నాను. ఫ్యాన్ అసలే వద్దని కొందరంటున్నారు. మీరేమంటారు?

తేలికబండి

నిస్సంకోచంగా తీసేయండి. 12 సెకన్ల పరుగులో రేడియేటర్ చల్లార్చేది ఎంతని? డ్రాగ్ రేసుల్లో అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయెల్ కార్లకు రేడియేటరే లేదు. వాటి అల్యూమినియం బ్లాకులో నీళ్లు తిరిగే దారులే ఉండవు. ఫ్యాన్, దాని చుట్టూ ఉండే షరౌడ్ తొడుగు, నీళ్ల దారి తెరిచి మూసే థర్మోస్టాట్, బ్యాటరీ నింపే ఆల్టర్నేటర్ అన్నీ కారు ముక్కు మీద మోస్తున్న బరువే. పైగా వేగం అందుకున్నాక షరౌడ్ గాలికి అడ్డుపడుతుంది. పిట్‌లో, అంటే రౌండ్ల మధ్య కారు నిలిపేచోట, పెద్ద ఫ్యాను ఎదురుగా పెట్టి చల్లార్చుకుంటే సరిపోతుంది.

ఉష్ణమాపకం

తేలికబండి గారూ, పరుగు విషయంలో మీ మాట సగం నిజం. కానీ టాప్ ఫ్యూయెల్ పోలిక ఇక్కడ చెల్లదు. ఆ ఇంజిన్ నాలుగు సెకన్ల లోపే పని ముగిస్తుంది. నైట్రోమీథేన్‌ను విపరీతంగా తాగుతుంది, ఆ ఇంధనమే లోపలి వేడిని లాగేస్తుంది. ప్రతి పరుగు తర్వాతా సిబ్బంది ఇంజిన్ విప్పి మళ్లీ బిగిస్తారు. వరుసలో నిలబడి గురగురలాడే మస్టాంగ్ బతుకు వేరు.

మస్టాంగ్ లెక్క చూద్దాం, అంచనాగానే. 350 హార్స్‌పవర్ అనుకుంటే పరుగంతా కలిపి నీళ్లలోకి చేరే వేడి రెండు మెగాజౌళ్ల లోపు ఉంటుంది. 13 లీటర్ల నీళ్లు, 150 కిలోల ఇనుము కలిసి ఆ వేడిని పంచుకుంటే ఉష్ణోగ్రత పెరిగేది సుమారు 15 డిగ్రీలు. రేడియేటర్ ఏమీ చేయకపోయినా అంతే. 75 దగ్గర బయలుదేరితే 90 దగ్గర ముగిస్తారు, భయం లేదు.

ఇప్పుడు రెండో లెక్క. ఊరికే నిలబడి తిరుగుతున్న వీ8 నీళ్లలోకి సెకనుకు ఆరేడు కిలోజౌళ్ల వేడి పంపుతుంది. అంటే ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఒక పరుగంత వేడి చేరిపోతుంది! అప్పుడు ఎదురుగాలి ఉండదు. గ్రిల్ గుండా గాలిని లాగేది ఫ్యాన్ ఒక్కటే. ఫ్యాన్ ఉన్నది పరుగు కోసం కాదు, పరుగు లేని సమయం కోసం.

బరువు సంగతి కూడా చూడండి. 45 కిలోలు తగ్గిస్తే సెకనులో పదో వంతు కలిసి వస్తుందని రేసర్ల మోటు లెక్క. ఫ్యాన్, షరౌడ్ కలిపి ఐదు కిలోలు అనుకుంటే మిగిలేది సెకనులో వందో వంతు. బ్రాకెట్ రేసులో గెలుపు వేగానిది కాదు, మనం ముందే రాసిచ్చిన టైముకు దగ్గరగా రావడానిది. అంతకన్నా తక్కువ టైములో వస్తే మామూలుగా ఓటమే. ఒక్కో రౌండులో ఒక్కో ఉష్ణోగ్రతతో బయలుదేరితే ఆ టైము ఎలా రాసిస్తారు? ఫ్యాన్ తీయడమంటే కొసరుకు పోయి అసలు పోగొట్టుకోవడమే.

నా సలహా: ఎలక్ట్రిక్ పంపు పెట్టండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ కూడా పెట్టండి. ఇంజిన్ ఆపేశాక కూడా రెండూ తిరుగుతాయి. అసలు లాభం అక్కడే ఉంది.

తేలికబండి

ఇంజిన్ ఆపి రెండూ తిప్పితే బ్యాటరీ ఏమవుతుంది? వోల్టేజీ పడితే ఇగ్నిషన్, ఫ్యూయెల్ పంపు రెండూ మందగిస్తాయి. మీరు చెప్పే నిలకడ అక్కడే పోతుంది.

ఉష్ణమాపకం

అందుకే ఆల్టర్నేటర్ తీయవద్దంటున్నాను. ఫ్యాన్‌కు 25, పంపుకు 8 ఆంపియర్లు అనుకుంటే 20 నిమిషాల్లో 11 ఆంపియర్-అవర్లు ఖర్చు. పిట్‌లో చార్జర్ తగిలించండి, వరుసలో ఆల్టర్నేటర్ చూసుకుంటుంది.

ఇరుంగాట్టుకోట్టై అభిమాని

చెన్నై ట్రాక్ ఎండలో కార్లను చూసినవాడిగా ఒక మాట. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఉన్న కార్లలో నీళ్ల ఉష్ణోగ్రత కన్నా ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత ముఖ్యం. 30 డిగ్రీల గాలి బదులు 60 డిగ్రీల గాలి పీలిస్తే దాని సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. అందుకే ఆ గాలిని చల్లార్చే, నీటితో పనిచేసే ఇంటర్‌కూలర్ ట్యాంకులో ఐసు నింపుతారు. కిలో ఐసు కరగడానికే 334 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది. టర్బో లేకపోయినా, హుడ్ (బానెట్) కింద ఉడికిన గాలిని ఇంజిన్‌కు అందించకండి. ఎయిర్ ఫిల్టర్‌ను గ్రిల్ వైపు నుంచి చల్లగాలి అందేచోటికి మార్చండి.

డాలస్ పావుమైలు

నిన్న సాయంత్రం ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, రేడియేటర్ ముందు పలుచని కాగితం పట్టి చూశాను. ఫ్యాన్ ఎదుట, మధ్యలో టక్కున అతుక్కుంది. నాలుగు మూలల్లో మాత్రం జారి కింద పడింది. రేడియేటర్‌కూ పక్క రేకుకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. అక్కడ కాగితం బయటికి ఊగింది. అంటే లోపలి వేడిగాలే తిరిగి ముందుకు వస్తోందా?

ఉష్ణమాపకం

అవును, అదే జరుగుతోంది. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. కారు నిలబడి ఉంటే వేడిగాలి ఆ సందుల్లోంచి ముందుకు వచ్చి మళ్లీ రేడియేటర్‌లోకే పోతుంది. పరుగులోనేమో ఎదురుగాలి రేడియేటర్‌ను తప్పించుకుని అదే సందులోంచి వెళ్లిపోతుంది. ఏమి కొనాలన్నా ముందు ఆ సందులు రేకుతో, ఫోమ్ పట్టీలతో మూయండి. రేడియేటర్ కోర్ (గాలి దూరే జాలీ భాగం) మొత్తాన్ని కప్పే షరౌడ్ పెడితే మూలల్లోనూ గాలి లాగుతుంది. వేగంలో అడ్డమన్న తేలికబండి గారి మాట నిజమే. దానికి రబ్బరు రెక్కలున్న షరౌడ్‌లు దొరుకుతాయి. నిలబడినప్పుడు మూసుకుంటాయి, ఎదురుగాలికి తెరుచుకుంటాయి.

తేలికబండి

హుడ్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తితే వేడి అటునుంచి పోతుంది కదా? ఖర్చే లేదు.

ఉష్ణమాపకం

నిలబడినప్పుడు పోతుంది. వేగంలో మాత్రం ముందు అద్దం అడుగున గాలి పీడనం ఎక్కువ, అక్కడ గాలి లోపలికే తోసుకొస్తుంది. అది రేడియేటర్ వెనక పీడనం పెంచి ముందు నుంచి వచ్చే గాలిని తగ్గిస్తుంది. హుడ్‌కు చిల్లు పెట్టాలనుకుంటే రేడియేటర్ వెనువెంటనే, ముందు భాగంలో పెట్టాలి. నమ్మకం లేకపోతే ఆ అంచు వెంట ఊలు దారాలు అంటించి, పరుగును వీడియో తీయండి.

డాలస్ పావుమైలు

సందులు ఈ వారమే మూస్తాను. గ్లైకాల్ కూలెంట్ ట్రాక్ మీద ఒలికితే టైర్లు జారతాయని చాలాచోట్ల ఒప్పుకోరు. మరి ఉత్త నీళ్లేనా? థర్మోస్టాట్ ఉంచాలా?

ఉష్ణమాపకం

నీళ్లలో తుప్పు పట్టనివ్వని మందు కలపండి. 15 పీఎస్ఐ పీడనం నిలిపే రేడియేటర్ మూత మంచిదైతే ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. పొంగిన నీళ్లు పట్టే డబ్బా తప్పనిసరి. థర్మోస్టాట్ తీస్తే దాని స్థానంలో చిల్లున్న రెస్ట్రిక్టర్ పళ్లెం పెట్టండి. నీళ్లు వేగంగా పోతే వేడి పట్టుకోవన్న ప్రచారం తప్పు. పళ్లెం పెట్టేది బ్లాకు లోపల పీడనం నిలిపి, ఆవిరి బుడగలు పుట్టకుండా చూడటానికి.

తేలికబండి

ఫ్యాన్ విషయం ఒప్పుకుంటున్నాను, మీ తరగతి వరకు. టైము రాసివ్వని తరగతిలో, నేరుగా ముందు చేరినవాడే గెలిచేచోట, ఆ వందో వంతును నేను వదలను.