పూత, పిందె ఒకేసారి ఉన్న మామిడికి నీళ్లు పెట్టాలా?

నమస్కారం. మాది జగిత్యాల దగ్గర బంగినపల్లి తోట. శివరాత్రికి శివశివా అంటూ పోవాల్సిన చలి ఈసారి సంక్రాంతి వెళ్లగానే పోయింది. గట్టు మీద మోదుగ అప్పుడే ఎర్రగా పూసింది, వేప ఆకు రాలుస్తోంది, కోయిల కూడా మొదలుపెట్టింది. చూడ్డానికి బాగానే ఉంది గానీ నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఒకే చెట్టుకు కొన్ని కొమ్మల్లో బఠాణీ గింజంత పిందె, మిగతా కొమ్మల్లో ఇప్పుడిప్పుడే పూత. పూత మీద తడి ఇస్తే అది రాలి కొత్త చిగురు వస్తుందని మేం పిందె పడేదాకా డ్రిప్ వదలం. ఇప్పుడేమో నీళ్లు ఆపితే మధ్యాహ్నపు ఎండకు పిందె రాలిపోతోంది. రెండు దశలూ కలిసిన తోటకు తడి ఎలా ఇవ్వాలి? కొద్దికొద్దిగా ఇస్తే పూత నిలుస్తుందా?

పూత రసం పీల్చే తేనెమంచు పురుగు కూడా అక్కడక్కడా కనిపిస్తోంది. పూత నిండా తేనెటీగలు తిరుగుతున్నాయి, వాటికి హాని చేసే మందు కొట్టలేను. సాయంత్రం పూట వేపనూనె సరిపోతుందా?

నూజివీడు, కొల్లాపూర్ వైపు తోటలు కూడా ఇలాగే ఉన్నాయా? ఇలాంటి ఏడాది మీరేం చేశారో దయచేసి చెప్పండి.