అప్‌డేట్: అమెరికాలో బానిసలు దక్షిణాదిలో ఉంటే గొడవ పడమటి భూముల మీద ఎందుకు?

పై ప్రశ్న అడిగింది నేనే. ఓపిగ్గా చెప్పినవాళ్ళందరికీ థాంక్స్. అందులో పడమటి భూముల్ని "ఖాళీ భూములు" అని రాశాను, తప్పే, అవి అక్కడి తెగల నేలలు.

నాకు ముడి వీడింది సెనేట్ (అమెరికా పార్లమెంటులో ఎగువ సభ) లెక్కతో. ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు, కాబట్టి పడమట ఏర్పడే కొత్త రాష్ట్రం బానిసత్వం ఉంచే వైపా, వద్దనే వైపా, ఎటు మొగ్గితే అటు బలం. 1820లో బానిసత్వం ఉన్న మిస్సోరీకి జోడీగా బానిసత్వం లేని మెయిన్‌ను చేర్చుకుని తూకం నిలపాలని ఒప్పుకున్నారు, మిస్సోరీ దక్షిణపు హద్దు వరసలో పడమటి భూముల మీద గీత గీసి, దానికి ఉత్తరాన మిస్సోరీలో తప్ప బానిసత్వం వద్దన్నారు. 1854 కాన్సస్-నెబ్రాస్కా చట్టం ఆ గీత చెరిపేసి, బానిసత్వం కావాలో వద్దో అక్కడ స్థిరపడినవాళ్ళే ఓటేసి తేల్చుకోండంది.

ఇక చూడండి! 1855 మార్చిలో కాన్సస్ శాసనసభ ఎన్నికల్లో అర్హులైన ఓటర్లు సుమారు 2,900, పడిన ఓట్లు 6,000 పైనే. బానిసత్వం కావాలనేవాళ్ళు మిస్సోరీ నుంచి గుంపులుగా వచ్చి గుద్దేసి పోయారు. దొంగ ఓట్లు మన సొత్తే అనుకున్నా! మరుసటి ఏడాదికే తుపాకులు పేలుతున్నాయి.

పడమటి భూముల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కేంద్ర చట్టసభకు లేదన్న 1857 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, డ్రెడ్ స్కాట్ తీర్పు, ఇంకా చదవాలి.