హైబరీ వదలడం ఆర్సెనల్ చేసిన తప్పేనా?

పటమట గూనర్:
ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ పాత గ్రౌండ్ గుడిసన్ పార్క్‌లో మగవాళ్ల జట్టు చివరి మ్యాచ్ 2025 మే 18న అయిపోయింది కదా, అప్పటి నుంచి మనవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే మాట, "కొత్త స్టేడియానికి వెళ్లి ఆర్సెనల్ లాగే ఎవర్టన్ కూడా బాగుపడుతుంది" అని. ఈ "ఆర్సెనల్ లాగే" దగ్గరే నాకు పేచీ.

సూటిగా చెప్తున్నా, ఆర్సెనల్ తన పాత గ్రౌండ్ హైబరీ వదిలి కొత్త స్టేడియం ఎమిరేట్స్‌కి వెళ్లడం తప్పు. 1913 నుంచి 2006 దాకా 93 ఏళ్లు అక్కడే ఆడారు. 1932లో వెస్ట్ స్టాండ్, 1936లో ఈస్ట్ స్టాండ్ కట్టారు, ఆ ముఖద్వారాలు చూస్తే స్టేడియం అనిపించదు, ఏదో పాతకాలపు పెద్ద థియేటర్ అనిపిస్తుంది. గీత పక్కనే జనం. త్రో వేసేవాడి వీపు మీద మొదటి వరుసలోవాళ్ల కేకలు పడేవి. 2003-04లో 38 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా లీగ్ గెలిచిన జట్టు ఆ పిచ్ మీద పెరిగిందే. తర్వాత ఏమైంది? 2005లో ఎఫ్.ఏ. కప్, మళ్లీ పెద్ద కప్పు 2014లో. మధ్యలో అప్పులు, ప్రతి వేసవిలో టెన్షన్, ఈసారి ఎవరు వెళ్లిపోతారో అని. ఆన్రీ 2007లో, అడెబయోర్, టూరే 2009లో, ఫాబ్రెగాస్, నస్రీ 2011లో, వాన్ పెర్సీ 2012లో. కొత్త ఇల్లు కట్టడానికి ఇంట్లోవాళ్లనే పంపించేశారు, నాకు అలాగే కనిపిస్తుంది. ఎవరైనా కాదంటే కారణం చెప్పండి, వింటా.

బ్రాడీపేట 4వ లైన్:
తమ్ముడూ, నువ్వు బాధ చెప్పావు, లెక్క చెప్పలేదు.

హైబరీలో అత్యధికంగా 73,295 మంది ఒక మ్యాచ్ చూశారు, 1935లో, సండర్లాండ్ మీద. ఆఖరికి ఆ గ్రౌండ్‌లో పట్టేది 38 వేల చిల్లర. ఎందుకు తగ్గింది? 1989లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగి 97 మంది చనిపోయారు. దాని మీద టేలర్ రిపోర్ట్ వచ్చి పెద్ద క్లబ్బుల గ్రౌండ్లలో నిలబడి చూసే చోట్లు తీసేయమంది, అందరికీ కుర్చీలు వేయాల్సి వచ్చింది. హైబరీలో నార్త్ బ్యాంక్ స్టాండ్ కూల్చి కట్టింది ఆ లెక్కలోనే. అది సరైన పనే, ప్రాణాల కంటే ఎక్కువ ఏదీ లేదు. కానీ కుర్చీలు వేస్తే సగం జనం బయటే.

పెంచుదామంటే ఎటు పెంచుతారు? చుట్టూ ఇళ్లే, గోడకి గోడ ఆనుకుని. ఈస్ట్ స్టాండ్‌ని వారసత్వ కట్టడాల జాబితాలో పెట్టారు, ముట్టుకోవడానికి లేదు. ఛాంపియన్స్ లీగ్ ప్రకటన బోర్డులకి చోటివ్వాలంటే ఇంకొన్ని సీట్లు పోతాయని 1998 నుంచి రెండు సీజన్లు ఆ హోమ్ మ్యాచ్‌లు పెద్ద స్టేడియం వెంబ్లీకి తీసుకెళ్లారు. జట్టు అక్కడ సరిగ్గా ఆడలేదు, నిజమే. కానీ 70 వేల మందికి పైగా వచ్చారు. అంటే టికెట్ కావాల్సినవాళ్లు అంతమంది ఉన్నారు, చోటు లేదు. వెళ్లిన మొదటి ఏడాదే మ్యాచ్ రోజు ఆదాయం 44 మిలియన్ పౌండ్ల దగ్గర నుంచి 90 మిలియన్ల దాకా వెళ్లింది. అటు చెల్సీలో 2003 నుంచి కొత్త యజమాని అబ్రమోవిచ్ డబ్బు, ఇటు మాంచెస్టర్ యునైటెడ్‌కి పెద్ద స్టేడియం. 38 వేల సీట్లతో ఎన్నాళ్లు తట్టుకుంటారు చెప్పు. ఆ ఆటగాళ్లు హైబరీలో ఉన్నా వెళ్లిపోయేవాళ్లే, ఇంకా ముందే వెళ్లేవాళ్లు.

వన్‌టౌన్ కుర్రోడు:
అన్నయ్యలూ, నాకు ఒకటి అర్థం కాదు. లండన్‌లో గ్రౌండ్ పోయిందని ఇక్కడ ఇంత బాధ ఏంటి? మనలో ఎంతమంది హైబరీ గేటు చూశారు? మన బెజవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం ఉంది. 2002 నవంబర్‌లో ఇండియా, వెస్టిండీస్ వన్డే జరిగిన గ్రౌండ్ అది. దాని గురించి ఎవడూ ఒక్క పోస్టు పెట్టడు. మా వీధిలో పిల్లలు బంతి తన్నాలంటే ఖాళీ జాగా వెతుక్కోవాలి. ముందు ఇక్కడి గ్రౌండ్ల గురించి మాట్లాడుకుందాం, తర్వాత ఇంగ్లండ్ సంగతి.

క్లాక్ ఎండ్ అక్క, సత్యనారాయణపురం:
తమ్ముడూ, ఇక్కడి గ్రౌండ్ల మీద నువ్వన్న మాటకి నేను నూటికి నూరుపాళ్లు నీ వైపే. దానికి వేరే థ్రెడ్ పెట్టు, అందరికంటే ముందు నేనే రాస్తా. కానీ చూడని చోటు కోసం బాధపడకూడదంటే ఒప్పుకోను.

2006 మే 7, ఆదివారం. ఆ రాత్రి ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ చూసినవాళ్లకి తెలుసు. చివరి మ్యాచ్ విగన్‌తో, 4-2. ఒక దశలో విగన్ 2-1తో ముందుంది, అప్పటికి లీగ్‌లో నాలుగో స్థానం చేతిలో లేదు. అక్కడ వెస్ట్ హామ్ గ్రౌండ్ అప్టన్ పార్క్‌లో టోటెన్‌హామ్ గెలవకపోతేనే ఆర్సెనల్‌కి ఛాంపియన్స్ లీగ్. టోటెన్‌హామ్ ఓడింది, ఆన్రీ మూడు కొట్టాడు, మూడోది పెనాల్టీ, కొట్టాక మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని ముద్దు పెట్టుకున్నాడు. ఆ గ్రౌండ్‌లో ఆఖరి గోల్ అదే. బెర్గ్‌క్యాంప్‌కి కూడా అక్కడ అదే ఆఖరి లీగ్ మ్యాచ్. మా నాన్నగారికి ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలియదు, ఆయన కూడా పేపర్ పక్కన పెట్టి చూశారు.

మన పీడబ్ల్యూడీ గ్రౌండ్ సంగతే తీసుకో. జనవరి వస్తే పుస్తకాల పండగ, ఇంకెన్నో ఎగ్జిబిషన్లు. ఇప్పుడు అక్కడ అంబేద్కర్ గారి విగ్రహం, స్మృతివనం ఉన్నాయి. ఆయనకి ఊరి నడిబొడ్డున అంత గౌరవం దక్కడం నాకు సంతోషమే, దాని మీద నాకు చర్చ లేదు. కానీ మొదటి పుస్తకం అక్కడ కొనుక్కున్నవాళ్లకి ఆ జ్ఞాపకం ఉంటుంది కదా. ఆ నేల ఎవరి పేరున ఉందో అడిగి జ్ఞాపకం పెట్టుకోలేదు ఎవరూ. హైబరీ కూడా నాకు అలాంటిదే, టీవీలో చూసినా సరే.

హ్యామర్ గుంటూరు:
మీరంతా ఆర్సెనల్ గురించే మాట్లాడుతున్నారు, వాళ్లు అదృష్టవంతులండీ. కొన్ని వందల గజాల అవతలకి వెళ్లారు, అదే పేట, అదే ట్యూబ్ స్టేషన్. స్టేడియం సొంతం. అసలు నష్టం చూడాలంటే మా వెస్ట్ హామ్‌ని చూడండి.

నేను ఎమ్మెస్సీకి లండన్ వెళ్లి ఈస్ట్ హామ్‌లో ఉన్నాను. తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడ దోసె దొరకని వీధి ఉండదు. అక్కడి నుంచి అప్టన్ పార్క్ నడిచి వెళ్లేంత దూరం. స్టేషన్ దిగితే గ్రీన్ స్ట్రీట్, రెండు పక్కలా చీరల షాపులు, నగల షాపులు, స్వీట్ షాపులు. శనివారం మ్యాచ్ ఉంటే ఆ చీరల షాపుల ముందు నుంచే వేలమంది మెరూన్ జెర్సీలతో నడిచేవాళ్లు. పెళ్లి షాపింగ్‌కి వచ్చిన గుజరాతీ కుటుంబాలు ఒక పక్క, పాట పాడుకుంటూ వెళ్లే ముసలి తాతలు ఒక పక్క. ఎవరికీ ఎవరూ అడ్డం అనిపించేది కాదు. నన్ను వెస్ట్ హామ్ అభిమానిని చేసింది ఆట కాదు, ఆ వీధి.

1904 నుంచి అక్కడే ఆడారు. 2016 మే 10న చివరి మ్యాచ్, మాంచెస్టర్ యునైటెడ్ మీద 3-2, విన్‌స్టన్ రీడ్ తలతో కొట్టిన గోల్‌తో గెలిచారు. అదే రోజు బయట యునైటెడ్ బస్సు మీద సీసాలు విసిరారు, మ్యాచ్ 45 నిమిషాలు ఆలస్యమైంది. అది మా వాళ్లు చేసిన వెధవ పని, సమర్థించను. తర్వాత గ్రౌండ్ మొత్తం కూల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు.

వెళ్లింది ఎక్కడికి? 2012 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియానికి. పరుగు పందేల కోసం కట్టింది, గోల్ వెనక కూర్చుంటే ఆట ఎక్కడో జరుగుతున్నట్టు ఉంటుంది. పైగా 99 ఏళ్ల లీజు, మొదట్లో ఏడాదికి రెండున్నర మిలియన్ పౌండ్ల అద్దె. చౌకే, కాదనను. కానీ అద్దె ఇల్లు అద్దె ఇల్లే. 2018 మార్చిలో బర్న్‌లీ మ్యాచ్ రోజు జనం పిచ్ మీదకి వచ్చేశారు, డైరెక్టర్లు కూర్చునే బాక్స్ కింద చేరి అరిచారు. వాళ్ల కోపం ఆ ఒక్క ఓటమి మీద కాదు. 2023లో యూరప్‌లో కాన్ఫరెన్స్ లీగ్ కప్పు గెలిచాం, అది విదేశంలో ఆడిన ఫైనల్. సంతోషపడ్డాం. అయినా గ్రీన్ స్ట్రీట్ మాత్రం శనివారాలు ఎప్పటికీ అలా ఉండదు.

అందుకే నేనడిగే ప్రశ్న "వదలాలా వద్దా" కాదు. వెళ్లే చోటు మనదేనా, వదిలిన చోట ఏం మిగిల్చారు, ఈ రెండూ చూడాలి.

బ్రాడీపేట 4వ లైన్:
హ్యామర్ గారూ, అదే మాట. ఆ రెండిట్లోనూ ఆర్సెనల్ పాసైంది. ఎమిరేట్స్ సొంతం. హైబరీలో ఈస్ట్, వెస్ట్ స్టాండ్ల ముఖద్వారాలు అలాగే ఉంచి లోపల ఫ్లాట్లు కట్టారు.

క్లాక్ ఎండ్ అక్క, సత్యనారాయణపురం:
గోడలు ఉంచారు, నిజమే. కానీ పిచ్ ఏమైంది? ఫ్లాట్లు కొన్నవాళ్ల తోట అయింది. ఆన్రీ ముద్దు పెట్టుకున్న గడ్డి మీద ఇప్పుడు వాళ్లు వాకింగ్ చేస్తారు. గోడ మిగిల్చి ఆట తీసేస్తే మిగిలింది ఏంటి?

టోఫీ కృష్ణలంక:
ఆఖరికి మా ఎవర్టన్ వంతు వచ్చింది. గుడిసన్ 1892లో మొదలైంది. మూలన సెయింట్ ల్యూక్స్ చర్చి, స్టాండ్లకి ఆనుకుని. మా మహా ఆటగాడు డిక్సీ డీన్ 1980లో లివర్‌పూల్‌తో మ్యాచ్ చూస్తూ అక్కడే కన్నుమూశాడు. 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా మీద మూడు గోల్స్ వెనకబడి, యుసేబియో నాలుగు కొట్టి పోర్చుగల్ 5-3తో గెలిచింది ఆ గడ్డ మీదే. ఇంకొకటి చాలామందికి తెలియదు, పిచ్ చుట్టూ ఎనిమిది వందల మందికి పైగా అభిమానుల అస్థికలు పాతిపెట్టారు. మనం కృష్ణలో కలుపుతాం, వాళ్లు అక్కడ కలిపారు. అలాంటి చోట అపార్ట్‌మెంట్ పునాదులు తవ్వుతారా?

ముందు అనుకున్నది కూల్చేయడమే. 2025 మే నెలలో క్లబ్ మాట మార్చింది, కూల్చం, మహిళల జట్టుకి ఇస్తాం అని. నాకు చాలా పెద్ద ఊరట. మగవాళ్లు రేవు దగ్గర 52,769 సీట్ల కొత్త స్టేడియానికి వెళ్లారు. దాని వల్ల కూడా నష్టం ఉందని ఒప్పుకోవాలి, రేవుల్లో కడుతున్న కొత్తవాటి కారణంగా 2021లో యునెస్కో లివర్‌పూల్ పేరు వారసత్వ జాబితా నుంచి తీసేసింది, ఆ కారణాల్లో మా స్టేడియం కూడా ఉంది. అయినా పాత గ్రౌండ్‌లో శనివారమో ఆదివారమో ఇంకా విజిల్ మోగుతోంది. ఆర్సెనల్ ఇది ఎందుకు చేయలేదు?

వన్‌టౌన్ కుర్రోడు:
ఇది బావుంది. ఆడపిల్లల జట్టుకి ఇవ్వడం అనేది నేను వినలేదు. ఇక్కడ కూడా అడగాల్సింది అదే అనిపిస్తోంది.

బ్రాడీపేట 4వ లైన్:
టోఫీ, ఎందుకు చేయలేదంటే చేయలేరు కాబట్టి. ఎమిరేట్స్‌కి 390 మిలియన్ పౌండ్ల ఖర్చు, పెద్ద భాగం బ్యాంకు అప్పు. హైబరీలో ఆ ఫ్లాట్లు అమ్మిన డబ్బు అప్పు తీర్చడంలో ముఖ్యం. ఎవర్టన్‌కి 2024 డిసెంబర్‌లో కొత్త యజమానిగా ఫ్రీడ్‌కిన్ గ్రూప్ వచ్చింది కాబట్టి పాతది కూడా ఉంచుకునే వీలు చిక్కింది. 2006లో ఆర్సెనల్‌కి అలాంటి యజమాని లేడు, తన సంపాదనతో తానే కట్టుకుంది. పాతది ఉంచుకుని కొత్తది కట్టడం కుదరలేదు, రెండిట్లో ఒకటే.

పటమట గూనర్:
అన్నా, నీ లెక్క కాదనడం లేదు. 38 వేల సీట్లతో కష్టమే, హిల్స్‌బరో తర్వాత మార్చక తప్పదు, అన్నీ సరే. కానీ టోఫీ అడిగినదానికి నువ్వు చెప్పింది డబ్బు జవాబు, నేను అడిగేది ఎవరికి ఏం దక్కింది అని. 2007లో యూరప్ ఛాంపియన్స్ కప్పు గెలిచిన జట్టు ఆర్సెనల్ మహిళలది. 2025 మేలో లిస్బన్‌లో బార్సిలోనా మీద 1-0తో మళ్లీ గెలిచారు. మగవాళ్లు 2025 దాకా ఒక్కసారి కూడా గెలవలేదు ఆ ఛాంపియన్స్ కప్పు. అంత గెలిచిన జట్టు ఏళ్ల తరబడి ఎక్కడ ఆడింది? లండన్ దాటి బోరమ్‌వుడ్‌లో, వేరే చిన్న క్లబ్ గ్రౌండ్‌లో. ఇప్పుడిప్పుడే ఎమిరేట్స్ వాళ్లకి ప్రధాన గ్రౌండ్ అయింది. హైబరీలో ఒక్క స్టాండ్, ఆ పిచ్ ఉంచి ఉంటే 38 వేలు అక్కర్లేదు, పది వేలు చాలు, ఇరవై ఏళ్లు వాళ్లకి సొంత ఇల్లు ఉండేది. ఎన్ని ఫ్లాట్లు తక్కువ కడితే అది కుదిరేదో ఎవరైనా లెక్క వేశారా అప్పుడు? నువ్వే చెప్పన్నా, లెక్కలు నీకే బాగా వచ్చు.

బ్రాడీపేట 4వ లైన్:
అప్పుడు ఆ ప్రశ్న గట్టిగా అడిగినవాళ్లు తక్కువ తమ్ముడూ, 2006లో మహిళల ఆటని ఎవరూ ఆ స్థాయిలో చూడలేదు. ఈరోజు అడిగితే బ్యాంకు కూడా వినేదేమో. క్లబ్ వదిలి వెళ్లడం సరైనదే అన్న నా మాట మీద ఉన్నాను. పిచ్ అమ్మడం మీద మాత్రం నీతో వాదించను.