మగవారి ఛాతీలో గట్టి గడ్డ: నొప్పి లేదని వదిలేయవచ్చా?

ప్రశ్న

మా అన్నయ్యకు 62 ఏళ్లు. ఎడమ చనుమొన వెనుక శనగగింజంత గట్టి గడ్డ ఉన్నట్టు నాలుగు నెలల క్రితం స్నానం చేస్తుండగా గమనించారట. నొక్కినా నొప్పి లేదు కాబట్టి అది కొవ్వు గడ్డేనని తేల్చేసుకున్నారు. నిన్న ఆయన చొక్కా మార్చుకుంటుండగా చూస్తే, ఆ వైపు చనుమొన లోపలికి లాక్కుపోయి ఉంది. డాక్టరు దగ్గరకు వెళదామంటే "అది ఆడవాళ్ల జబ్బు" అని మాట దాటవేస్తున్నారు. మగవారికి నిజంగా రొమ్ము క్యాన్సర్ వస్తుందా? ఆయనకు ఎలా నచ్చజెప్పాలి?

మొదటి జవాబు

వస్తుందండి, నాకే వచ్చింది. బనియను మీద చిన్న రక్తపు చుక్క కనిపిస్తే గోరు గీరుకుందనుకున్నాను. అదే చోట మళ్లీ మళ్లీ మరక పడుతున్నా ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆసుపత్రికి వెళితే, అక్కడ ఇచ్చిన పత్రంలో నెలసరి తేదీ రాయమన్న గడిని చూసి లేచి వచ్చేయాలనిపించింది. అప్పటికే జబ్బు చంకలోని లింఫ్ గ్రంథులకు పాకింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజూ టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వేసుకుంటున్నాను. మీ అన్నయ్యకు ఈ జవాబు చదివి వినిపించండి. సిగ్గుపడి నేను పోగొట్టుకున్న ఎనిమిది నెలలు ఆయన పోగొట్టుకోకూడదు.

రెండవ జవాబు

నేను క్యాన్సర్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మగవారికీ చనుమొన వెనుక కొద్దిపాటి రొమ్ము కణజాలం, పాల నాళాలు ఉంటాయి. క్యాన్సర్ సాధారణంగా ఆ నాళాల్లోనే మొదలవుతుంది. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవారివి నూటికి ఒకటి కూడా ఉండవు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. హార్మోన్ల తేడా వల్లనో, కొన్ని మందుల వల్లనో మగవారి రొమ్ము పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. అది క్యాన్సర్ కాదు. చాలావరకు చనుమొన కింద రబ్బరు బిళ్లలా తగులుతుంది, తాకితే నొప్పిగా ఉంటుంది, తరచు రెండు వైపులా వస్తుంది. ఒక వైపే, రాయిలా గట్టిగా, నొప్పి లేకుండా ఉండి, చనుమొనను లోపలికి లాగుతున్న గడ్డ విషయం వేరు. నొప్పి లేదనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ మగవారికీ చేస్తారు, కానీ అసలు సంగతి తేల్చేది సూదితో ముక్క తీసి చేసే బయాప్సీయే. ఈ వారంలోనే చూపించండి.

ప్రశ్న అడిగినవారు

మొదటి జవాబు వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత గురువారం వస్తానన్నారు. ఒక సంగతి ముందే రాయవలసింది: మా అమ్మ 45 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. అన్నయ్యకు ఇద్దరు కూతుళ్లు ఉన్నారు.

రెండవ జవాబు రాసినవారు

అమ్మగారి విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో దోషం ఉన్న మగవారిలో, 80 ఏళ్లు వచ్చేలోపు నూటికి సుమారు 7 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ఆ దోషం తల్లి నుంచి కొడుక్కి, తండ్రి నుంచి కూతురికి కూడా సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. మీ అన్నయ్యకు క్యాన్సర్ అని తేలితే జన్యు పరీక్ష ముందు ఆయనకే చేయించాలి. దోషం దొరికితే, అదే దోషం మీలోనూ ఆ అమ్మాయిల్లోనూ ఉందేమో చూడడం తేలిక.